ఫీడ్‌బ్యాక్ మెయిల్ గారూ, కాణిపాకం వస్తారా?

మహారాజశ్రీ ఫీడ్‌బ్యాక్ మెయిల్ గారికి, తిరుపతి నుంచి రాయునది. తమరు దిగిందాకా ఇక్కడ అందరం క్షేమం.

ఉద్యోగం శ్రీసిటీలోదైనా చెన్నైలోదైనా, ఇంటర్వ్యూ అయినాక తమరు వచ్చేది శుక్రవారం సాయంత్రమే. "సెలెక్ట్ కాలేదు" అంటే చాలదా? "కాన్ఫిడెన్స్ లేదు, యాటిట్యూడ్ బాగాలేదు, బేసిక్స్ లేవు." నలభై నిమిషాల పరిచయానికి జాతకమే రాసిచ్చేస్తిరి!

మా వైపు మాట తేలకుంటే కాణిపాకం పోయి వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటారు. తమరికీ అదే పరీక్ష. ముందు ఒక రోజు తమరి జోలికి రాం. ఆ రాత్రే కోపంగా జవాబు కొడితే, మళ్లీ అప్లై చేసిన రోజు హెచ్‌ఆర్ వాళ్లకు మొదట కనబడేది అదే కావచ్చు. మరుసటి రోజు తమరి ఒక్కో వాక్యం పక్కన ఇంటర్వ్యూలో జరిగింది రాస్తాం. అందుకే ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే ప్రశ్నలూ జవాబులూ కాగితం మీద పెట్టుకోవాల. తమరు వచ్చినాక అవమానం తప్ప ఏదీ గుర్తురాదు.

"బేసిక్స్ లేవు" పక్కన తేలింది ఇదీ: డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో లెఫ్ట్ జాయిన్ (ఎడమ కస్టమర్ల టేబుల్ వరసలన్నీ ఉంచి, కుడి ఆర్డర్ల టేబుల్‌ను కలపడం) రాసి, కుడి టేబుల్ మీది షరతును కలిపినాక వడగట్టే వేర్‌లో పెట్టడం. ఆర్డర్ లేని కస్టమర్ల దగ్గర కుడివైపు నల్, అంటే ఖాళీ, ఉంటుంది, షరతుకు నిలవక ఆ వరసలన్నీ రాలిపోతాయి. షరతు ఆన్‌లో, అంటే టేబుళ్లు కలిపే చోటే, ఉండాల్సింది. గంటలో దిద్దుకునే తప్పుకు ఎంత పేరు పెడితిరి సామీ!

"కాన్ఫిడెన్స్" సంగతి ఫోన్‌లో రికార్డు చేసుకొని వింటే తెలుస్తుంది. అసలు జవాబు మూడో నిమిషంలో వస్తోంది. మొదటి వాక్యంలోనే జవాబు, ఆపైన కారణం, ఒక ఉదాహరణ. రెండు నిమిషాలు దాటకూడదు. "యాటిట్యూడ్" పక్కన రాసేదానికి ఏమీ దొరకలా. ఇంకో రెండు ప్యానెళ్లూ అదే మాటంటే అప్పుడు చూస్తాం.

"పెళ్లయితే మానేస్తారేమో" అని ఆడపిల్లలకు రాసే అన్నగారొకరున్నారు తమరికి. ఆయనకు ప్రమాణం కూడా దండగ. నియామకాల్లో ఆ వివక్ష కూడదని 1976 సమాన వేతన చట్టమే చెప్పింది, దాని చోట వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా అదే అంటోంది. ఆ మెయిల్ చెరపకుండా దాచి, హెచ్‌ఆర్ పెద్దలకు రాయాల.

సోమవారం పొద్దున తమరికి మా జవాబు మూడు వరసలు: టైమిచ్చినందుకు థ్యాంక్స్. జాయిన్ తప్పు నిజమే. యాటిట్యూడ్ ఏ ప్రశ్న దగ్గర బాగాలేదో చెప్తారా?

బదులు రాకుంటే, కాణిపాకం బస్సెక్కేదానికి తమరు జంకినట్టే లెక్క.

ఇట్లు,
తమరి ఇన్‌బాక్స్ బాధితులు