లాక్ నట్ కీ పోయిందని చక్రం మీద సుత్తి ఎత్తకండి

లాక్ నట్ అంటే దొంగలు చక్రాలు ఎత్తుకుపోకుండా వేసే ప్రత్యేక గాడి నట్. ఆ గాడికి సరిపోయే చిన్న ముక్క, అంటే కీ, పెట్టి తిప్పితేనే వస్తుంది. ఈ కారు చక్రాల లాక్ నట్ గురించి ఒక సలహా ఫోన్ల నుంచి ఫోన్లకు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "కీ పోతే షోరూమ్‌కి వెళ్లకండి, చక్రం కోయాలంటారు. నట్ కంటే కాస్త చిన్న సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కించి పానాతో తిప్పండి, ఏ లాక్ నట్ అయినా రెండు నిమిషాల్లో వస్తుంది. రాకపోతే మంటతో వేడి చేయండి. అప్పటికీ రాకపోతే మిగతా నట్లు వదులు చేసి బండి కాస్త నడపండి, అదే వదులవుతుంది."

ఇందులో ఒక్క ముక్కలో సగం నిజం ఉంది. చివరి ముక్క ప్రాణాలు తీసేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

"చక్రం కోయాలంటారు" అన్నది అబద్ధం. లాక్ నట్ నమూనాలు ప్రతి కారుకూ విడిగా పుట్టవు. తయారీదారు కొన్ని నమూనాలే చేస్తాడు, ఒక్కోదానికీ ఒక కోడ్ ఉంటుంది. ఆ కోడ్ చాలాసార్లు కారు పుస్తకాల సంచిలోని చిన్న కార్డు మీదో, స్టిక్కర్ మీదో ఉంటుంది. అది చెప్తే కొత్త కీ తెప్పించుకోవచ్చు. కార్డు కూడా పోయినా దారి మూసుకుపోదు. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్లలో సాధారణంగా ఆ నమూనాల కీలన్నీ ఉన్న పెట్టె ఉంటుంది, ఒక్కొక్కటి పెట్టి చూసి సరిపోయేది పట్టుకుంటారు.

అసలు కీ నిజంగా పోయిందో లేదో ముందు చూడండి. స్టెప్నీ కింద జాక్ పెట్టే ఫోమ్ గూడు, గ్లవ్ బాక్స్, సీట్ల మధ్య అర, డిక్కీ పక్క అరలు అన్నీ వెతకండి. ఈమధ్యే టైర్లు మార్పించి ఉంటే అక్కడికి ఫోన్ చేయండి. కీ వాళ్ల సాకెట్‌లోనే ఇరుక్కుని ఉండిపోవడం మామూలే. మాకు తెలిసినవాళ్ల కారుకి రెండు నట్లు చితక్కొట్టాక కీ దొరికింది, జాక్ పక్కనే చిన్న సంచిలో. అప్పటికి ఆ రెండు నట్లకీ కీ పట్టే గాడే మిగల్లేదు.

ఇక సుత్తి సంగతి. చుట్టూ ఖాళీ ఉండి, ఒకే ముక్కగా చేసిన గుండ్రటి నట్ అయితే ఈ పద్ధతి పనిచేస్తుంది, కాదనను. కానీ "ఏ లాక్ నట్ అయినా" అన్న మాట తప్పు. దొంగలు ఇదే చేస్తారని తెలిసే కొన్ని నట్లకు బయట విడిగా తిరిగే కడియం పెట్టారు. దాని మీద సాకెట్ ఎక్కిస్తే కడియం తిరుగుతుంది, నట్ కదలదు. అల్లాయ్ వీల్ గుంటలో లోతుగా కూర్చున్న నట్ దగ్గర సాకెట్ గోడ పట్టేంత చోటే ఉండదు, బలవంతంగా దించితే అల్లాయ్ గీరుకుపోతుంది. పైగా ప్రతి దెబ్బా స్టడ్ (నట్ ఎక్కే మర కడ్డీ) మీదుగా హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) లోని బేరింగ్‌కు చేరుతుంది. గట్టి దెబ్బలకు బేరింగ్ లోపలి దారిలో సొట్టలు పడితే, తర్వాత బండి నడుస్తుంటే మూలుగు లాంటి చప్పుడు మొదలవుతుంది.

కీ దొరికే దారే లేకపోతే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ వాడండి. దాని లోపలి పళ్లు ఎదురు మెలికలో ఉంటాయి, విప్పేకొద్దీ నట్‌ను ఇంకా గట్టిగా కరుస్తాయి. మిగతా నట్లన్నీ బిగువుగానే ఉంచి, బండి నేల మీదే ఉండగా, చేతి బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, లాక్ నట్‌నే ముందు తీయాలి. మిగతావి ముందే విప్పేస్తే బిగువంతా దాని మీదే పడి మరింత మొండికేస్తుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

మంట పెట్టమనడం మరీ ఘోరం. అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు. అల్లాయ్ వీల్‌కు బలం వచ్చేది వేడితో చేసిన ప్రక్రియ వల్ల. ఆ పైన మంట తగిలిన చోట మెత్తబడుతుంది, కంటికి ఏమీ తెలియదు. బేరింగ్ గ్రీజు, ఏబీఎస్ సెన్సార్ పాడవడం ఒక ఎత్తు, టైరు ఇంకో ఎత్తు. రిమ్ వేడెక్కితే లోపలి రబ్బరు విచ్ఛిన్నమై మండే వాయువులు పుడతాయి, టైరు బాంబులా పేలవచ్చు. టైరు ఉన్న రిమ్‌ను వెల్డింగ్ చేస్తూ ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. గాలి తీసేసినా ఆ ప్రమాదం పూర్తిగా పోదు.

ఇక నట్లు వదులు చేసి నడపడం. దయచేసి ఎవరూ చేయకండి. చక్రాన్ని పట్టి ఉంచేది నట్ల బిగువు వల్ల హబ్‌కూ చక్రానికీ మధ్య పుట్టే రాపిడి. బిగువు పోతే ఆ బరువంతా స్టడ్లను వంచడం మొదలుపెడుతుంది. రంధ్రాలు సాగుతాయి, మరలు అరుగుతాయి, స్టడ్లు విరుగుతాయి. ఊడిన చక్రం మీ బండితో ఆగదు, రోడ్డు మీద ఎవరి మీదికో పోతుంది.

నట్ వచ్చాక దాని చోట మామూలు నట్ వేస్తే, మర సైజుతో పాటు కూర్చునే అంచు కూడా పాతదానిలాగే ఉండాలి. శంకువు అంచు ఉండాల్సిన చోట గుండ్రటి అంచు నట్ బిగిస్తే సరిగా కూర్చోదు. కారు పుస్తకంలో చెప్పిన టార్క్‌కు (తిప్పే బలం కొలతకు) బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగువు చూడండి.