వెతకని చోట ఏ పిట్టా చావదు

సోలార్ ప్లాంట్లలో పక్షులు, గబ్బిలాలు చచ్చిపోతున్నాయని గొడవ చేసేవాళ్ళందరికీ ఒక మనవి. చావులు తగ్గించడానికి వలలు కట్టక్కర్లేదు, ప్యానెళ్ళ మీద చారలు గీయక్కర్లేదు, రాత్రిళ్ళు లైట్లు ఆర్పక్కర్లేదు. పైసా ఖర్చు లేని, నూటికి నూరు శాతం గ్యారంటీ ఉన్న పద్ధతి ఒకటుంది, శవాల కోసం వెతకడం మానేయడం. నవ్వితే నవ్వండి గానీ ఈ రంగంలో దీనంత బాగా పనిచేసే పద్ధతి ఇంకోటి నాకైతే కనబడలేదు.

కాలిఫోర్నియాలో మొహావీ ఎడారిలో ఇవాన్‌పా అని ప్లాంటు ఉంది కదా, మూడు లక్షల పైచిలుకు అద్దాలు ఎండని తెచ్చి మూడు టవర్ల నెత్తిన పోస్తాయి, ఒక్కో టవరు దగ్గర దగ్గర 140 మీటర్లు. ఆ వెలుగులోకి వెళ్ళి కాలి పొగ చారలా రాలిపోయేవాటికి అక్కడ స్ట్రీమర్లని పేరు. 2014 నాటికి ఫెడరల్ అధికారులు వెళ్ళి చూసి సగటున రెండు నిమిషాలకొకటి కనబడిందన్నారు, కంపెనీ వైపు వాళ్ళేమో అబ్బే అవి చాలావరకు పురుగులూ గాలికి లేచిన చెత్తా అన్నారు. సరే మొత్తం మీద ఏడాదికి ఎన్ని పక్షులు పోతాయయ్యా అంటే కంపెనీ వైపు నుంచి సుమారు వెయ్యి, పర్యావరణ ఉద్యమకారుల వైపు నుంచి 28,000. అదే ఎడారి, అవే టవర్లు, అవే పక్షులు, తేడా మాత్రం 28 రెట్లు. అంటే పక్షి ప్రాణం టవర్ మీద ఆధారపడి లేదు, లెక్కేసే మనిషి ఏ కుర్చీలో కూర్చున్నాడన్న దాని మీద ఉంది. అలాంటప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉంచితే సరిపోదా?

ఈ అలవాటు నిన్న మొన్నటిది కూడా కాదు. 1980ల్లో అదే ఎడారిలో సోలార్ వన్ అనే చిన్న టవర్ ప్లాంటు దగ్గర కొందరు 40 వారాల పాటు తిరిగి 70 చచ్చిన పక్షుల్ని ఏరారు, 26 జాతులవి, ఎక్కువ భాగం అద్దాలకి గుద్దుకున్నవి, మిగతావి కాలినవి. వాళ్ళు ఇంట్లో కూర్చుని ఉంటే ఆ 70 పక్షులూ రికార్డుల్లో ఈ రోజుకీ హాయిగా ఎగురుతుండేవి.

అసలు ఈ శాస్త్రవేత్తల పద్ధతి చూస్తే సామాన్యుడికి అనుమానం రాక మానదు. ప్యానెళ్ళ వరసల మధ్య నడుస్తూ చచ్చిన పక్షుల కోసం వెతికేవాళ్ళుంటారు, బాగానే ఉంది. కానీ వాళ్ళకి చెప్పకుండా ఇంకొకళ్ళు ముందే వచ్చి చచ్చిన కోడిపిల్లల్నో కౌజుపిట్టల్నో పిచ్చుకల్నో అక్కడక్కడా పడేసి పోతారు, తర్వాత వాటిలో ఎన్ని దొరికాయో చూస్తారు. పదిట్లో ఆరు దొరికితే మీ కన్ను 60 శాతమే పనిచేస్తోందని, కాబట్టి నిజంగా చచ్చినవాటిలో కూడా నూటికి నలభై దాకా మీ కాలి పక్కనే ఉండిపోయాయని అంటారు. అంటే పక్షులు చస్తున్నాయని బాధపడే మనుషులే బయట నుంచి చచ్చిన పక్షుల్ని తెచ్చి ప్లాంటులో వేస్తున్నారన్నమాట. దీని మీద విచారణ ఎందుకు జరగలేదో నాకర్థం కాదు.

ఇంకో పరీక్ష, శవం ఎన్ని రోజులు అక్కడ ఉంటుందన్నది. పెట్టిన శవాన్ని రోజూ చూస్తుంటారు, ఏ రోజు మాయమైందో రాసుకుంటారు, బొంతకాకులు, నక్కలు, చీమలు ఎవరి వాటా వాళ్ళు పట్టుకెళ్తారు. ఇక్కడే ప్లాంటు యాజమాన్యాలకి నా మొదటి ఉచిత సలహా. చిన్న పిట్ట శవం మీ దగ్గర మూడు రోజుల్లో మాయమవుతుందనుకోండి, సర్వే నెలకోసారి పెట్టండి. అప్పుడు సర్వేకి ముందు రెండు మూడు రోజుల్లో చచ్చినవే కనబడతాయి, మిగతా నెలంతా చచ్చినవాటిని కాకులు క్లీన్ చేసి పెట్టేస్తాయి. జీతం అడగవు, సెలవు అడగవు, సాక్ష్యం చెప్పడానికి రావు. ఇవి కాకి లెక్కలని శాస్త్రవేత్తల్ని తిట్టేవాళ్ళకి తెలీదు గానీ అసలు లెక్కంతా నిజంగా కాకి దగ్గరే ఉంది.

ఈ రెండూ కలిపి, పైగా వెతకని వరసల్ని కూడా కలిపి, ఒక శవం దొరికే అవకాశం ఎంతో తేల్చి దాంతో దొరికిన సంఖ్యని భాగిస్తారు. అవకాశం నాలుగో వంతు ఉండి 5 దొరికితే చచ్చినవి సుమారు 20. అక్కడిదాకా భరించొచ్చు. కానీ ఏమీ దొరక్కపోయినా వీళ్ళు ఊరుకోరు చూడండి, అదీ నా బాధ. దొరికే అవకాశం పదింట ఒకటే అయితే 20 పక్షులు చచ్చినా ఒక్కటీ కంటపడకపోయే ఛాన్స్ దాదాపు 12 శాతం ఉందట, కాబట్టి సున్నా దొరికితే సున్నా చచ్చినట్టు కాదట! సున్నాని కూడా నమ్మని వాళ్ళతో ఏం మాట్లాడతాం. పైగా అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు 2018లో జెన్‌ఎస్ట్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఈ లెక్కల కోసమే ఉచితంగా ఇచ్చేశారు, అది ఒక నంబర్ చెప్పి ఆగదు, ఇంత నుంచి ఇంత దాకా ఉండొచ్చని ఒక రేంజ్ కూడా ఇస్తుంది. ఆ రేంజ్‌ని ఏం చేయాలో అందరికీ తెలుసు. కంపెనీ రిపోర్టులో కింది కొస తీసుకోవాలి, ఉద్యమకారుల పోస్టర్‌లో పై కొస తీసుకోవాలి, మధ్యలో ఉన్నదంతా శాస్త్రవేత్త ఇంటికి పట్టుకెళ్ళాలి.

ఈకల సంగతి చెప్పకపోతే అన్యాయం. కాలిఫోర్నియా, నెవాడాల్లో ప్యానెళ్ళతో నడిచే 10 ప్లాంట్ల రికార్డులు కలిపి 2020లో ఒక అధ్యయనం వచ్చింది, దొరికినవాటిలో సుమారు 54 శాతం అసలు శవాలే కాదు, ఈకల కుప్పలు. శవం మొత్తంగా దొరికినవాటిలో కూడా 61 శాతం దాకా ఎందుకు చచ్చాయో తేలలేదు. ఇక్కడ లాయర్లకి పండగే. ఈక దొరికింది, పక్షి ఏది? ఈకలు రాల్చుకుని ఇంటికి వెళ్ళిపోయి ఉండొచ్చుగా? డేగ ఎక్కడో పట్టుకుని ప్యానెల్ నీడలో కూర్చుని తినుంటే అది ప్లాంటు తప్పా? (ఈ చివరి ప్రశ్న నిజంగానే న్యాయమైనది, ప్యానెళ్ళు లేని చోట కూడా పక్షులు చస్తాయి, అందుకే పక్కన ఖాళీ నేలలో కూడా వెతికి పోల్చాలి, కానీ ఖాళీ నేలలో వెతకడానికి బడ్జెట్ అడిగితే మాత్రం అందరూ గడియారం చూసుకుంటారు.) ఆ అధ్యయనం పై అంచనా మెగావాటుకి ఏడాదికి 2.49 పక్షులు. అంతకుముందు ఇంకో అధ్యయనం 9.9 అంది. మధ్యలో ఉన్న దాదాపు ఏడున్నర పక్షుల భవిష్యత్తు మీద ఇంకా చర్చ నడుస్తోంది.

ఎడారిలో నీటిపక్షులు ఎందుకు దొరుకుతున్నాయంటే ప్యానెళ్ళని చెరువనుకుని దిగుతున్నాయేమోనని ఒక అనుమానం ఉంది, ఇంకా పూర్తిగా తేలలేదు. కొన్ని జాతులకి నేల మీద నుంచి పైకి లేవడం చేతకాదు, నీళ్ళుంటేనే ఎగరగలవు, అంటే దిగితే గాయం లేకపోయినా అంతే సంగతి. రన్‌వే చూసుకోకుండా దిగింది ఎవరి తప్పో నేను చెప్పక్కర్లేదు.

గబ్బిలాల దగ్గరికొస్తే మన పద్ధతికి పూర్తి విజయం. నున్నటి పలక అడ్డంగా పడి ఉంటే గబ్బిలం దాన్ని నీళ్ళనుకుని తాగబోతుందని 2010లోనే ప్రయోగం చేసి చూపించారు. మరి ఎకరాల కొద్దీ నున్నటి పలకలు పరిస్తే ఏమవుతుంది అంటే, అందరూ పక్షుల కోసమే డిజైన్ చేసిన సర్వేల్లో దాన్ని వెతికారు. గుప్పెడంత లేని గోధుమరంగు ప్రాణి, మట్టిలో పడితే మట్టే. వెతికేవాళ్ళ కన్ను పరీక్షించడానికి గబ్బిలం శవాలు దొరక్క వాటి బదులు ఎలుకల్ని పెడుతుంటారు. చావులో కూడా తన ప్లేస్‌లో ఎలుక హాజరు వేయించుకుంటున్న జంతువు ఇదొక్కటే అనుకుంటా.

ఇక సోలార్ అంటే పడనివాళ్ళు, వీళ్ళకి పక్షుల మీద ప్రేమ ఈ మధ్యే, కరెక్టుగా ప్లాంటు శంకుస్థాపన రోజు నుంచే మొదలైంది. 28,000 నంబర్‌ని ఫ్రేమ్ కట్టించుకున్నారు, అది ఎలా వచ్చిందని అడిగితే మీరు పక్షి ద్రోహులంటారు. అవతలి వాళ్ళు ఊరుకుంటారా, వెంటనే పిల్లిని తీస్తారు. అమెరికాలో పిల్లులు ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షుల్ని చంపుతాయి, ముందు వాటి సంగతి చూడండి అంటారు. నిజమే, 2013లో వచ్చిన అంచనా అది. తమాషా ఏంటంటే 2.49కీ 9.9కీ మధ్య తేడా చూసి ఇదేం సైన్సండీ అని నవ్వే పెద్దమనిషే, అటూ ఇటూగా 270 కోట్ల పక్షుల తేడా ఉన్న అంచనాని మాత్రం ఏ పిల్లినీ ఒక్క ప్రశ్న అడక్కుండా నమ్మేస్తాడు.

ఇప్పుడు కొత్త ప్రమాదం కెమెరాలతో వస్తోంది. అమెరికా ప్రభుత్వ పరిశోధనాశాల ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీ వాళ్ళు 2020లో ఒక ప్రాజెక్టు మొదలెట్టారు, ప్యానెళ్ళ చుట్టూ పక్షులు ఏం చేస్తున్నాయో ఏఐ కెమెరాలే చూసి గుర్తుపట్టేలా. ఇది చాలా అన్యాయం. కెమెరా నెలకోసారి రాదు, రోజంతా ఉంటుంది, దాన్ని కాకి ఎత్తుకెళ్ళలేదు, పైగా గుద్దుకునే క్షణాన్నే పట్టేస్తే ఈకల కుప్ప మీద మన లాయర్లు కట్టిన వాదనంతా ఏమవ్వాలి? మరీ తప్పదంటే పెట్టించండి, కానీ లెన్సు ప్యానెళ్ళ వైపు కాకుండా కొండల వైపు తిప్పించండి, సూర్యాస్తమయాలు బాగా పడతాయి, వార్షిక రిపోర్టు కవర్ పేజీకి ఎలాగూ ఏదో ఒక ఫొటో కావాలి, వీలైతే పైన ఒక పక్షి ఎగురుతున్నది.