కప్పు హైదరాబాద్‌ది, హక్కు ఎవరిది?

ఐపీఎల్ వేలం మొదలైతే చాలు, మన వార్తల్లో 'జట్టు' పక్కకు వెళ్లి 'ఫ్రాంచైజీ' ముందుకొస్తుంది. రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తున్నాం. ఒకటి కాదని హైదరాబాద్ అభిమానులకు 2012లో గట్టిగానే తెలిసొచ్చింది.

పాత ఫ్రెంచిలో 'ఫ్రాంక్' అంటే స్వేచ్ఛ ఉన్నవాడు. దాని నుంచి వచ్చిన 'ఫ్రాంచైజ్' ఇంగ్లండు చేరేసరికి రాజు దయచేసే ప్రత్యేక హక్కుకు పేరైంది. సంత పెట్టుకోవాలన్నా, రేవులో పడవ నడిపి డబ్బు వసూలు చేసుకోవాలన్నా ఆ హక్కు ఉండాలి. తర్వాత ఓటు హక్కుకూ ఇదే మాట. అమెరికాలో మాత్రం లీగు ఇచ్చే హక్కుకు, క్రమంగా ఆ జట్టుకే పేరుగా స్థిరపడింది. 1957 సీజన్ ముగిశాక బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టును యజమాని లాస్ ఏంజెలెస్‌కు తరలించుకుపోయాడు. బ్రూక్లిన్ జనం ఎంత మొత్తుకున్నా ఆపలేకపోయారు.

మన దక్కన్ చార్జర్స్ 2008లో అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది జొహానెస్‌బర్గ్ ఫైనల్లో కెప్టెన్ గిల్‌క్రిస్ట్ మొదటి ఓవర్లోనే డకౌట్. గిబ్స్ చివరిదాకా నిలబడితే స్కోరు 143కి చేరింది. ఆ కొద్దిపాటి పరుగులనే కాపాడుకుని, బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు కొట్టారు. అట్టడుగు నుంచి ఒక్క ఏడాదిలో పైకి లేచిన ఆ జట్టును చూసి పొంగిపోని హైదరాబాదీ ఉండడు.

తర్వాత యాజమాన్యం అప్పుల్లో కూరుకుపోయింది. 2012 సెప్టెంబరులో బీసీసీఐ ఒప్పందం రద్దు చేసింది. అక్టోబరులో హైదరాబాద్ హక్కును సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. సన్‌రైజర్స్ 2016లో కప్పు గెలిచింది, సంతోషమే. కానీ 2009 కప్పు ఆ జట్టు ఖాతాలో లేదు. ఊరు అదే, ఉప్పల్ స్టేడియం అదే, అభిమానులూ వాళ్లే. రికార్డు మాత్రం రెండు ముక్కలైంది.

అప్పు చేసింది యాజమాన్యం, జట్టును పోగొట్టుకున్నది ఊరు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. జర్మనీ ఫుట్‌బాల్‌లో 50+1 నిబంధన ఉంది. కొన్ని మినహాయింపులు తప్ప, క్లబ్బు ఓట్లలో మెజారిటీ సభ్యుల చేతిలోనే ఉండాలి. అంత మార్పు ఇక్కడ ఇప్పట్లో రాకపోవచ్చు. కనీసం యజమాని మారినప్పుడు జట్టు పేరు, రంగులు, గెలిచిన కప్పులు ఆ ఊరికే చెందేలా బీసీసీఐ ఒప్పందంలో ఒక షరతు రాయాలి. దానికి పెద్దగా ఖర్చు కూడా కాదు.