కాగితం బీరువాలో ఉంటే ఏం లాభం
కోలుకోలేని స్థితికి చేరితే ప్రాణాన్ని నిలిపి ఉంచే చికిత్సలు వద్దని ముందే రాసిపెట్టుకునే పత్రం లివింగ్ విల్. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాని నిబంధనలు సడలించాక అది తేలికైందని ఈమధ్య దీనిపై వచ్చిన ఒక వ్యాసంలో అన్నారు. రాయడం వరకు నిజమే. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు, ఇదివరకటిలా మేజిస్ట్రేటు అక్కర్లేదు. వేళకు అది చేతికందడమే కష్టం. మా కావలి వైపు జబ్బు ముదిరితే నెల్లూరు, అక్కడా కాదంటే చెన్నై. మా పెదనాన్నను అలా తరలించిన రాత్రి ఆయన రాసిన కాగితం బీరువాలో, తాళంచెవి పెద్దమ్మ దగ్గర, పెద్దమ్మేమో అంబులెన్సులో! వెంటిలేటర్ వద్దని ఆయన అందరికీ చెప్పిందే. అయినా కాగితం లేకుండా ఆ మాట డాక్టరుతో అనడానికి ఎవరికీ నోరు రాలేదు (చుట్టాలు ఏమంటారోనన్న భయం సరేసరి). ఒక ప్రతిని పంచాయతీకో మున్సిపాలిటీకో అందజేయాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. దాన్ని భద్రపరిచే అధికారి ఎవరో, అర్ధరాత్రి పక్క రాష్ట్రం ఆసుపత్రి అడిగితే ఎలా పంపుతారో వ్యాసకర్త రాయాల్సింది.