కొరియా సేబర్‌ను గెలిపించింది నాలుగోవాడు

పారిస్ ఒలింపిక్స్ ఫెన్సింగ్ (కత్తిసాము)లో పురుషుల సేబర్ విభాగం అనగానే అందరూ దక్షిణ కొరియా ఆటగాడు ఓ సాంగ్ ఉక్ దగ్గర మొదలుపెడతారు. ఎందుకు పెట్టరు? 192 సెంటీమీటర్ల మనిషి. 2024 జూలై 27న వ్యక్తిగత స్వర్ణం, నాలుగు రోజులకే టీమ్ స్వర్ణం. ఫైనల్ మధ్యలో కిందపడ్డ ట్యునీసియా ప్రత్యర్థి ఫారెస్ ఫెర్జానీకి చెయ్యందించి లేపిన దృశ్యం. కథానాయకుడికి కావాల్సిన సరంజామా మొత్తం ఉంది. నేను మాత్రం డో గ్యోంగ్ డాంగ్ గురించి రాస్తాను. ఆ పేరు మీరు విని ఉండకపోతే అందులో మీ తప్పేమీ లేదు. కొరియా జట్టు ఫైనల్ దాకా వచ్చినా అతను అప్పటికింకా పిస్ట్ (ఫెన్సింగ్ ఆడే వేదిక) ఎక్కలేదు.

టీమ్ సేబర్ లెక్క తెలిసిందే. ముగ్గురు ముగ్గురితో తలపడతారు, మొత్తం తొమ్మిది బౌట్లు, ఒక్కో బౌట్‌కు ఐదు పాయింట్ల చొప్పున స్కోరు పెరుగుతూ పోతుంది, ముందు 45 చేరిన జట్టుది గెలుపు. నాలుగోవాడు రిజర్వ్. జూలై 31న పారిస్‌లోని గ్రాండ్ పలే భవనంలో హంగేరీతో ఫైనల్. ఆరు బౌట్లయ్యేసరికి కొరియా 30, హంగేరీ 29. ఏడో బౌట్‌కు రావాల్సింది గు బోన్ గిల్. లండన్, టోక్యో టీమ్ స్వర్ణాలు రెండూ గెలిచినవాడు, ఆసియా క్రీడల్లో వరుసగా మూడుసార్లు వ్యక్తిగత విజేత. కోచ్ వోన్ వూ యంగ్ అతణ్ని కూర్చోబెట్టి డోను పంపాడు. ఒలింపిక్స్‌లో ఒక్క పాయింటు కూడా ఆడని కుర్రాడిని, ఒకే ఒక్క పాయింటు తేడా ఉన్నప్పుడు!

డో ఆ బౌట్‌ను క్రిస్టియాన్ రాబ్ మీద 5–0తో ముగించాడు. స్కోరు 35–29 అయింది. ఆఖరికి కొరియా గెలిచింది 45–41తో. నాలుగు పాయింట్ల తేడాతో వచ్చిన స్వర్ణంలో ఐదు పాయింట్ల ఆధిక్యం ఆ ఒక్క బౌట్‌ది.

ఇది ఎంత కష్టమో సేబర్ చూసినవాళ్లకే అర్థమవుతుంది. ఫెన్సింగ్‌లోనే ఇంకో విభాగమైన ఎపేలో అయితే బెంచీ మీంచి వచ్చినవాడు కాసేపు వెనక్కి జరుగుతూ, ఎదుటివాడి చేతిని చదువుకుంటూ ఒళ్లు వేడెక్కించుకోవచ్చు. సేబర్‌లో ఆ వెసులుబాటు లేదు. రెఫరీ ‘అలే’ అన్నాక పాయింటు తేలడానికి తరచూ ఒకటి రెండు సెకన్లు చాలు. నడుము పైన అరచేతులు తప్ప ఎక్కడ తగిలినా, మొనతో పొడిచినా అంచుతో కొట్టినా దీపం వెలుగుతుంది. రెండు దీపాలూ ఒకేసారి వెలిగితే ముందు దాడికి దిగింది ఎవరన్నది రెఫరీ తేలుస్తాడు. కాబట్టి ఆట చేతిలో కంటే పాదాల్లో ఎక్కువ ఉంటుంది. మొదటి అడుగు ఎప్పుడు కుదురుగా వెయ్యాలి, ఎప్పుడు దూకాలి, ఎదుటివాడు తొందరపడి కత్తి విసిరేదాకా ఎలా ఆగాలి అన్నదంతా ఆ క్షణానికే తెలిసి ఉండాలి. బెంచీ మీద గంటల తరబడి కూర్చున్నవాడి పాదాలు అంత కచ్చితంగా పలికాయంటే దానికి ధైర్యం ఒక్కటే కారణం అనుకోవడం అమాయకత్వం. రోజూ ప్రాక్టీసులో అతను తలపడేది ప్రపంచంలో అగ్రశ్రేణి సేబర్ ఆటగాళ్లతో. ఒలింపిక్ ఫైనల్లో ఎదురైనవాడు అతనికి మంగళవారం ప్రాక్టీసులో ఎదురయ్యేవాడి కంటే కష్టం కాదు. నా వాదన మొత్తం ఇదే.

ఆ నలుగురి పేర్ల పక్కన అప్పట్లో వాళ్లను పోషించింది ఎవరో చూడండి. ఓ సాంగ్ ఉక్ ఆడేది దేజాన్ నగర పాలక సంస్థ జట్టుకు. గు బోన్ గిల్‌ది జాతీయ క్రీడా నిధిని నడిపే ప్రభుత్వ సంస్థ జట్టు. డో అప్పటికి సైనిక సేవలో ఉన్నాడు, సైన్యంలోని క్రీడా దళంలో. పార్క్ సాంగ్ వాన్‌ది కూడా దేజాన్ నగర జట్టే. నలుగురికి మూడు వేర్వేరు గల్లాపెట్టెలు. ఒక నగరం, ఒక సంస్థ, ఒక సైనిక దళం, వీటిలో ఏదీ ‘ఈ కుర్రాడు పతకం తెస్తాడా’ అని అడిగి జట్టు పెట్టుకోలేదు. దేజాన్ ఏమీ సియోల్ కాదు, 14 లక్షల పైచిలుకు జనాభా ఉన్న నగరం. వీటన్నిటి పైన ఫెడరేషన్‌కు 2003 నుంచి ఎస్‌కే టెలికాం అండ. జట్టు వయసు మళ్లినప్పుడల్లా కింద ఇంకో వరస తయారుగా ఉండటం ఇలాగే సాధ్యమైంది. టోక్యోలో గెలిచిన నలుగురిలో కిమ్ జంగ్ హ్వాన్, కిమ్ జున్ హో పారిస్ జట్టులో లేరు. ఆ రెండు ఖాళీల్లోకే పార్క్, డో వచ్చారు. స్వర్ణం చెక్కుచెదరలేదు.

కోచ్ వోన్ వూ యంగ్ కథ కూడా ఈ వరసలోదే. 2010లో ఇదే గ్రాండ్ పలే కప్పు కింద ప్రపంచ ఛాంపియన్‌షిప్ సేబర్ టైటిల్ గెలిచాడు, 2012 లండన్‌లో గుతో కలిసి టీమ్ స్వర్ణం గెలిచాడు. గు సత్తా ఎంతో, ఆ రాత్రి అతనిలో ఎంత మిగిలిందో అంత దగ్గరగా ఎరిగినవాడు కాబట్టే పాత సహచరుణ్ని పక్కన కూర్చోబెట్టగలిగాడు. (మన క్రికెట్‌లో ఇలాంటి నిర్ణయం తీసుకున్న కోచ్‌కు మర్నాడు టీవీ చర్చల్లో ఏ గతి పట్టేదో ఊహించుకోవచ్చు.)

ఇంతకీ సేబర్ ఎవరి సొత్తు? 1908 నుంచి 1964 దాకా జరిగిన ఒలింపిక్స్‌లో ఒక్క 1920 మినహా ప్రతిసారీ పురుషుల వ్యక్తిగత సేబర్ స్వర్ణం హంగేరీదే. ఆ వారసత్వంలో వచ్చిన ఆరన్ సిలాగీ లండన్, రియో, టోక్యోల్లో వరుసగా మూడు గెలిచాడు. పారిస్‌లో తొలి పోరులోనే కెనడా ఆటగాడు ఫారెస్ అర్ఫా చేతిలో ఓడిపోయాడు. సెమీస్‌కు చేరిన నలుగురు ఎవరు? కొరియా, ట్యునీసియా, ఈజిప్టు, ఇటలీ. యూరప్ నుంచి ఒక్కడు. ‘అది తెల్లవాళ్ల ఆట, మన ఒంటికి పడదు’ అనే మాటను ఇక అటక మీద పెట్టొచ్చు.

దీనికి ఒక ప్రతివాదం తయారుగా ఉంటుంది. కొరియాలో మగవాళ్లకు సైనిక సేవ తప్పనిసరి, ఒలింపిక్ పతకమో ఆసియా క్రీడల స్వర్ణమో తెస్తే మినహాయింపు దొరుకుతుంది, అందుకే ప్రాణం పెట్టి ఆడతారు, ఆ భయం మన దగ్గర లేదు అంటారు. వినడానికి బాగుంది కానీ లెక్క కుదరదు. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో గు 15–14తో ఓను ఓడించి, తమ్ముడి లాంటివాడి మినహాయింపుకు అడ్డుపడ్డానని కన్నీళ్లు పెట్టుకున్నాడు. మూడు రోజుల తర్వాత టీమ్ స్వర్ణంతో ఓ సాంగ్ ఉక్ సమస్య తీరిపోయింది. అంటే అతని టోక్యో, హాంగ్‌ఝౌ, పారిస్ స్వర్ణాలన్నీ ఆ భయం పోయాక గెలిచినవే. గుకు అయితే 2010లోనే తీరింది, 35 ఏళ్లకు కూడా జాతీయ జట్టులో ఉన్నాడు. భయం ఆకలిని పుట్టించవచ్చు, నాలుగోవాణ్ని పుట్టించలేదు.

ఇప్పుడు మన సంగతి. మన దేశంలో ఫెన్సింగ్ అంటే ఒకే పేరు, చెన్నై అమ్మాయి భవానీ దేవి. ఆమెదీ సేబరే. టోక్యోలో ఆడి, ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారత ఫెన్సర్ అయింది. 2023 ఆసియా ఛాంపియన్‌షిప్‌లో జపాన్ ప్రపంచ ఛాంపియన్ మిసాకి ఎమురాను ఓడించి కాంస్యం తెచ్చింది. ఎమురాను కొట్టగలిగిన మనిషి మన దగ్గర పుట్టిందంటే ప్రతిభకు లోటు లేదన్నమాట. కానీ ఆమె కేరళలోని తలశ్శేరి సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో తయారై, ఆ తర్వాత సాన పట్టుకోవడానికి ఇటలీలోని లివోర్నో వెళ్లాల్సి వచ్చింది. పారిస్‌కు ఆమె అర్హత సాధించలేకపోయింది, మన దేశం నుంచి ఇంకెవరూ సాధించలేదు. ఒక్క మనిషి ఫామ్ తప్పితే ఆటే ఖాళీ. అంతవరకు మనం చేసింది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే.

తెలుగు రాష్ట్రాల తీరు ఇందుకు భిన్నంగా ఏమీ లేదు. సింధుకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం, నిఖత్ జరీన్‌కు, సిరాజ్‌కు డీఎస్పీ పోస్టులు, పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజికి కోటి రూపాయలు, గ్రూప్–2 ఉద్యోగం, స్థలం. ఇవ్వొద్దని ఎవరంటారు? దీప్తి కోచ్ నాగపురి రమేశ్‌కు పది లక్షలు ప్రకటించడం మంచి సంప్రదాయం కూడా. కానీ ఇదంతా పతకం వచ్చాక పెట్టే ఖర్చు. పతకం రాకముందు నాలుగోవాడి మీద పెట్టే ఖర్చు ఎక్కడ? ఫెన్సింగ్ జట్టుకు జీతాలిస్తున్న మున్సిపల్ కార్పొరేషన్ ఒక్కటి చెప్పండి, నేనీ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

మనకు చేతకాదని కాదు. హైదరాబాద్‌లోనే రుజువుంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన గోపీచంద్‌కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో గచ్చిబౌలిలో ఐదెకరాలు ఇచ్చింది. అదీ పతకం తర్వాతి బహుమానమే. తేడా ఏమిటంటే ఆయన ఆ స్థలంలో తన కోసం మేడ కట్టుకోలేదు, ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి కోర్టులు కట్టాడు. ఫలితం 2022లో పురుషుల బ్యాడ్మింటన్ జట్ల పోటీ థామస్ కప్‌లో చూశాం. శ్రీకాంత్, సాత్విక్ పేర్లే మనకు గుర్తుంటాయి. కానీ మలేసియాతో క్వార్టర్స్‌లో, డెన్మార్క్‌తో సెమీస్‌లో రెండుసార్లూ స్కోరు 2–2 అయ్యాక ఐదో మ్యాచ్ ఆడి గెలిపించింది ప్రణయ్. డెన్మార్క్ ఆటగాడు గెమ్కేతో కాలు బెణికి కూడా మొదటి గేమ్ పోగొట్టుకుని తర్వాతి రెండూ లాక్కున్నాడు. మూడో సింగిల్స్‌కు అంతటివాడు మిగిలి ఉండటమే అకాడమీ అంటే. కేరళ నుంచి వచ్చి హైదరాబాద్ కోర్టుల్లో రోజూ శ్రీకాంత్ లాంటివాళ్లతో ఆడి అలా తయారయ్యాడు.

2036 ఒలింపిక్స్ మాకివ్వండని 2024 అక్టోబరులో మన దేశం లేఖ పెట్టింది. కనుక రెండు ప్రభుత్వాల క్రీడా శాఖలకు ఒక చిన్న విన్నపం. ఈసారి పతక విజేతకు చెక్కు ఇచ్చేటప్పుడు రోజూ ఎదురుగా నిలబడి ఆడినవాళ్ల పేర్లు నాలుగు రాసివ్వమనండి. ఇక్కడివాళ్లయితే ఐదేళ్లపాటు జీతమివ్వండి. పేర్లు నాలుగు దొరక్కపోతే ఆ ఆటకు ఫ్లెక్సీలు కట్టడం ఆపి ఒక హాలు, ఒక కోచ్, నలుగురు కుర్రాళ్లతో మొదలుపెట్టండి. హకీంపేట స్పోర్ట్స్ స్కూలు ఉండనే ఉంది, స్థలం వెతుక్కునే పని కూడా లేదు.