రెండో నల్లగొండ టెక్నిక్

నల్లగొండ పేరు సైన్సు పుస్తకాల్లోకి ఎలా ఎక్కిందో తెలుసు కదా. 1970ల్లో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తాగే నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి తయారుచేసి, దానికి మన ఊరి పేరు పెట్టారు. నల్లగొండ టెక్నిక్. నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి బాగా కలపడం, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగడం, పైన తేరిన నీళ్లు వంచుకోవడం. ఇంట్లో బకెట్‌లో కూడా చేసుకోవచ్చన్నారు. ఆ తర్వాత మన వైపు నుంచి లోకానికి మరో టెక్నిక్ అందలేదని దిగులుపడే పెద్దలకు ఒక శుభవార్త. పోయిన ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు మా ఇంటి వరండాలో రెండో నల్లగొండ టెక్నిక్ పుట్టింది. సైకిల్ హ్యాండిల్‌కు ఇంట్లోనే సొంతంగా టేపు చుట్టుకోవడం. కనిపెట్టిన మహానుభావుడు మా బామ్మర్ది.

ఇతనికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి రెండు రోజులు ఆఫీసు మీద, ఐదు రోజులు మా ఇంటి మీద పనిచేస్తాడు. ఆరు నెలల కింద ఒక సైకిల్ కొన్నాడు. దానికి మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు, స్టాండు లేదు, బెల్లు లేదు. ఒక్కొక్కటి తీసేసినకొద్దీ ధర పెరుగుతుందట. హ్యాండిల్ మాత్రం పొట్టేలు కొమ్ముల్లా ముందుకు పోయి కిందికి వంగి ఉంటుంది. సైకిల్ ఖరీదు మా అత్తమ్మకు చెప్పింది ఒకటి, దుకాణంలో కట్టింది ఒకటి. రెండోది ఇక్కడ రాయను, ఆమె ఈ కాలమ్ చదివించుకుని వింటుంది.

దీని మీద మావాడు వారానికి ఒక్కరోజు పానగల్ ఉదయ సముద్రం కట్ట దాకా వెళ్తాడు. ఫొటో దిగుతాడు. వచ్చేస్తాడు. అక్కడే ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే నీడ పగలంతా కదలదని దేశమంతా చెప్పుకుంటారు. మిగతా ఆరు రోజులు మా వరండాలో ఈ సైకిల్ నీడ కూడా కదలదు. దానికి ఇంకా ఎవరూ టికెట్ పెట్టలేదు.

ఒకరోజు కట్ట మీది నుంచి వచ్చి చేతులు దులుపుకుంటూ అన్నాడు: "బావా, చేతులు తిమ్మిరెక్కుతున్నయ్. టేప్ మార్చాలె."

గడియారం సెంటర్ దాటితే మన చాచా దుకాణం ఉంది కదరా, పది నిమిషాల పని అన్నాను. చాచా నలభై ఏళ్లుగా అదే మలుపులో కూర్చుని ఈ ఊరి సైకిళ్లన్నిటికీ పంక్చర్లు వేసిన మనిషి. చక్రం వంకర కళ్లతో కాదు, చెవితో పట్టుకుంటాడు. మావాడు నన్ను జాలిగా చూశాడు.

"గిది వాళ్లకు రాదు బావా. గిది స్కిల్."

ఆ స్కిల్ కోసం మూడు వారాలు వీడియోలు చూశాడు. అన్నం తింటూ, ఆఫీసు మీటింగ్‌లో మైక్ ఆపేసి, బాత్రూంలో కూడా. కాబట్టి శాస్త్రం ఇప్పుడు నాకూ కంఠతా వచ్చు. టేపు హ్యాండిల్ కింది కొస దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. పై నుంచి కిందికి చుడితే అరచెయ్యి ఒత్తినప్పుడల్లా అంచులు లేస్తాయి. (గూన పెంకులు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి ఎందుకు పేరుస్తారో మా తాతకు తెలుసు. ఆయన వీడియో తీయలేదు, అంతే.) ప్రతి చుట్టూ కింది చుట్టు మీదికి మూడో వంతో సగమో ఎక్కాలి. కుడిపక్క ఎటు తిప్పుతామో ఎడమపక్క దానికి ఎదురు తిప్పాలి, అద్దంలో బొమ్మలాగా. బ్రేకు లివరు వెనకాల సందు కనపడకుండా ముందే ఒక చిన్న ముక్క అంటించాలి. ఇక అన్నిటికన్నా పెద్ద మాట టెన్షన్. టేపును లాగి పట్టే చుట్టాలి. తక్కువ లాగితే జారుతుంది, ఎక్కువ లాగితే తెగుతుంది.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పుట్టినవాడికి చుట్టడం నేర్పడానికి విదేశాల నుంచి మనిషి రావాలా? పుట్టపాకకు, పోచంపల్లికి వెళ్లి చూడండి. చిటికి కట్టేవాళ్లు నూలు మీద రంగు ఎక్కకూడని ప్రతి చోటా రబ్బరు పట్టీ బిగిస్తారు. ఒక్క చీర నూలుకే అలాంటి కట్లు లెక్కలేనన్ని. కట్టు కాస్త వదులైతే రంగు లోపలికి పాకి చీర మొత్తం పాడవుతుంది. ఆ రబ్బరు పట్టీ ఎక్కడిదనుకున్నారు, పాత సైకిల్ ట్యూబు కోసి తీసిందే! తాటిచెట్టెక్కే గౌడన్న మోకు ఎలా బిగిస్తాడో చూడండి. ఆయన టెన్షన్ లెక్క తప్పితే కామెంట్ల పెట్టెలో సారీ చెప్పే వీలుండదు.

అయినా మావాడికి వాళ్లెవరూ గురువులుగా ఆనలేదు. ఆదివారం వచ్చింది.

నన్ను ముందు చక్రం మోకాళ్ల మధ్య బిగించి కూర్చోమన్నాడు. స్టాండు తీసేసి అమ్మే సైకిల్‌కు మనిషే స్టాండు. అత్తమ్మ చేతికి టేపు చుట్ట ఇచ్చి "అమ్మా, వదలకు" అన్నాడు. మా ఆవిడకు ఫోను. వీడియో ఆపమన్నప్పుడు ఆపాలి, నడపమన్నప్పుడు నడపాలి. ఆమె అప్పటికే దోసెల పిండి దగ్గర ఉంది, వేళ్లు తడి.

పాత టేపు ఊడదీయడానికే అరగంట. దాని కింది జిగురు పోవడానికి కరోనా కాలం నాటి శానిటైజర్ సీసా బయటికొచ్చింది. హ్యాండిల్‌ను అంత శ్రద్ధగా తుడిచాడు, పసిపిల్లకు స్నానం చేయించినా అలా తుడవరు. ఆ తర్వాత కుడి కొస దగ్గర మొదటి చుట్టు పడింది. అందరం ఊపిరి బిగబట్టాం. రెండో చుట్టు. మూడో చుట్టు దగ్గర ఆగి, కన్ను హ్యాండిల్‌కు ఆనించి చూసి, మూడూ విప్పేశాడు. "ఓవర్‌ల్యాప్ రెండు మిల్లీమీటర్లు తప్పింది."

రెండోసారి బ్రేకు లివరు దాకా వచ్చాం. "పాజ్! అక్కా, పాజ్!" మా ఆవిడ నొక్కింది. తడి వేలికి ఫోను పలకలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. వీడియో పోయి మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటన వచ్చింది. ఐదు సెకన్లు ఆగాలట. లివరు దగ్గర టేపు అడ్డంగా పోవాలా నిలువుగా పోవాలా తెలియక మావాడు గాలిలో చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. నా మోకాళ్లు అప్పటికే ఆ ప్రకటనకు అర్హత సంపాదించాయి. అత్తమ్మ టేపు చుట్ట వదలకుండానే అంది: "నిన్ను తొట్టెల ఏసినప్పుడు గూడ గింత సేపు పట్టలే కొడకా."

కుడిపక్క పూర్తయ్యేసరికి పదిన్నర. ఎడమపక్క మొదలైంది. అప్పుడే సిలిండర్ పిల్లవాడు గేటు తీసుకుని లోపలికొచ్చాడు. భుజం మీది సిలిండర్ దించకుండా ఒక నిమిషం చూశాడు. వాడికి బహుశా పద్దెనిమిదేళ్లుంటాయి.

"అన్నా, ఉల్టా చుడుతున్నవ్."

మావాడు నవ్వాడు. తెలియనివాళ్ల మీద తెలిసినవాళ్లు నవ్వే నవ్వు. మళ్లీ చుట్టడంలో పడ్డాడు. పిల్లవాడు సిలిండర్ దించి, డబ్బులు తీసుకుని, వెళ్తూ వెళ్తూ "రెండు దిక్కుల ఒక్క తీరే తిప్పుతున్నవ్ అన్నా, ఇప్పుకొస్తది" అనేసి పోయాడు. వీడియో వెనక్కి తిప్పి చూశాం. వాడు చెప్పిందే నిజం. మూడు వారాల చదువు, ఒక్క నిమిషం చూపు.

విప్పాం. మళ్లీ చుట్టాం. ఈసారి పరువు కోసం చుట్టు మీద చుట్టు సగానికి పైగా ఎక్కించాడు. హ్యాండిల్ మధ్యకు చేరేలోగా టేపు అయిపోయింది. బెత్తెడు ఇనుము బోసిగా కనపడుతోంది. సరే, లాగితే సాగుతుంది కదా అని లాగాడు. నేను వద్దన్నాను. "టెన్షన్ బావా, టెన్షన్ ఉండాలె" అన్నాడు. ఫట్. అత్తమ్మ చేతిలో చుట్ట, మావాడి చేతిలో తోక, మధ్యలో నేను.

చివరికి రెండు ముక్కల్నీ కరెంటు పనివాళ్ల నల్ల టేపుతో అతికించి, కొసల్లో పెట్టే ప్లాస్టిక్ బిరడాలు లోపలికి పోకపోతే పచ్చడి బండతో కొట్టి, ఒంటిగంటకు కార్యక్రమం ముగించాం. దోసెల పిండి పులిసిపోయింది. మావాడు అరచేతులు చూపించి "చూసినవా, గిప్పుడు తిమ్మిరి రాదు" అన్నాడు.

తిమ్మిరి అన్నాడు చూడండి, అక్కడ నాకు మండింది.

మాది మర్రిగూడ దిక్కు ఊరు. ఇంటి ముందరి బోరు నీళ్లు తాగితే పళ్లు గారపట్టేవి, ఎముకలు బిగుసుకుపోయేవి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా దిక్కు బోర్లకు ఆ లెక్క ఎవరూ చదివి వినిపించలేదు. అందుకని మా నాన్న రోజూ తెల్లారకముందే సైకిల్‌కు ఇటో క్యాను అటో క్యాను కట్టుకుని నాలుగు కిలోమీటర్లు పోయి మంచినీళ్లు తెచ్చేవాడు. గ్రిప్పులు ఎప్పుడో ఊడిపోయాయి. పాత ట్యూబు కోసి చుట్టుకున్నాడు. ఎండకు ఆ రబ్బరు మెత్తబడి అరచేతులకు నల్లగా అంటేది. అన్నానికి కూర్చునే ముందు బూడిదతో తోముకునేవాడు, అయినా గీతల్లో నలుపు ఉండిపోయేది. నలభై ఐదేళ్లు వచ్చేసరికి ఆయన మెడ తిరగడం ఆగిపోయింది. వెనక లారీ వస్తే చూడాలంటే మొత్తం మనిషి తిరగాలి, నీళ్ల సైకిల్ మీద మనిషి తిరిగితే సైకిల్ పడుతుంది. అందుకని విరిగిన స్కూటర్ అద్దం ముక్కను హ్యాండిల్‌కు పెట్టి, అదే ట్యూబు పట్టీతో చుట్టి బిగించాడు. ఆ కట్టు ఆయన పోయేదాకా సడలలేదు.

మరి నల్లగొండ టెక్నిక్? పటిక, సున్నం, బకెట్? మా ఇంటికి వచ్చి అది నేర్పిన మనిషి లేడు. పేరుకు మా జిల్లా కావాలి, నేర్పడానికి మా గడప కనపడదు! టేపు చుట్టడానికి మూడు వారాల పాఠాలు అరచేతిలోకి వస్తున్నాయి, సముద్రాల అవతలి మనిషి ఓపిగ్గా పది కోణాల నుంచి చూపిస్తున్నాడు. విషం తీసేసుకునే పాఠం నాగపూర్ నుంచి మర్రిగూడకు నడవలేకపోయింది. 1996లో లోక్‌సభ ఎన్నికలకు నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలబడ్డారు. ఢిల్లీ పోవాలని కాదు, మా నీళ్లు చూడండి మహాప్రభో అని మొత్తుకోవడానికి. ఢిల్లీ చూసింది. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000 చేసింది. నీళ్లడిగినవాడికి దొరికిన జవాబు అది. మా ఊళ్లో ఇంటింటికీ నల్లా వచ్చేసరికి మా నాన్న వేళ్లు దాన్ని తిప్పలేని స్థితికి వచ్చాయి. మా అమ్మ తిప్పేది.

ఆయన ఎప్పుడూ తిమ్మిరి అనే మాట అనలేదు. అంటే ఏ దుకాణంలో ఏం కొనాలో చెప్పేవాళ్లు కూడా లేరు.

సరే, టేపు సంగతి. సోమవారం పొద్దున మావాడు కొత్త టేపుతో పానగల్ బయల్దేరాడు. ఏడున్నరకు ఫోన్ చేశాడు. కట్ట మీద ఎడమ చేతిలోకి టేపు విప్పుకొచ్చి, గాలికి తోకలాగా ఎగిరి, ముందు చక్రంలో పడబోయిందట. పడలేదు, దేవుడి దయ. నేను బండి మీద వెళ్లేసరికి సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాడు, టేపు మెడలో వేసుకుని. శాలువా కప్పించుకుని సన్మాన సభ నుంచి వస్తున్నట్టున్నాడు.

చాచా దుకాణం ముందు ఆగాం. చాచా ఒక స్కూలు పిల్లకు గాలి కొడుతున్నాడు. చేతులు తుడుచుకుని వచ్చి హ్యాండిల్ చూశాడు, టేపు చూశాడు, మావాణ్ని చూశాడు. ఏమీ అనలేదు. ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుని, కింది కొస దగ్గర మొదలుపెట్టి, బొటనవేలితో ఒత్తుతూ తిప్పుకుంటూ పోయాడు. లివరు దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎడమపక్క దానంతటదే ఎదురు తిరిగింది. టేపు చాలని బెత్తెడు చోట పాత ట్యూబు పట్టీ వేసి బిగించాడు. టీ చల్లారేలోగా అయిపోయింది. ఇరవై రూపాయలు అన్నాడు.

మావాడు యాభై నోటు ఇస్తూ, "చాచా, మీరు వీడియో ఏది చూసి నేర్చుకున్రు?" అని అడిగాడు. నేను తల తిప్పుకున్నాను.

చాచా చిల్లర లెక్కపెడుతూ అన్నాడు: "నాకొకటి సమజ్ అయితలేదు బేటా. ఆర్నెల్ల కింద కంపెనీ టేపు మంచిగనే ఉండె గదా. గదెందుకు ఇప్పినవ్?"

"కలర్ మ్యాచ్ అయితలేకుండె చాచా," అన్నాడు మా బామ్మర్ది. "షూస్‌కు."