పేనుబంక ఒంట్లో పాత కాపురం

మహారాష్ట్రలోని పాండ్రకవడ వైపు పత్తి చేలో లేత ఆకు తిప్పి చూడండి. అడుగున పేనుబంక గుంపులు గుంపులుగా ఉంటుంది, వేలికి జిగురు అంటుతుంది, కాండం మీద చీమలు బారులు తీరతాయి. ఆ జిగురు పురుగు వదిలేసిన చక్కెరే. మొక్క రసంలో తీపి దండిగా ఉంటుంది కానీ ఒంటికి తప్పనిసరైన అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్లకు ముడిసరుకు, చాలవు. ఎంత పీల్చినా తీరని ఆ లోటును పూడ్చేది బుక్నెరా అనే బ్యాక్టీరియా. పురుగు ఒంట్లో దానికంటూ ప్రత్యేక కణాలే ఉన్నాయి.

ఈ కాపురం 15 కోట్ల ఏళ్లకు పైబడినది. బుక్నెరా తల్లి నుంచి పిల్లకే వెళ్తుంది. బయటి బ్యాక్టీరియాతో కలవదు కాబట్టి చెడిపోయిన జన్యువుకు బదులు మంచిది తెచ్చుకునే దారి లేదు, ఒక్కొక్కటే రాలిపోయాయి. మన పేగుల్లోని ఈ.కోలై జన్యుపటం దాదాపు 46 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు. 2000లో చదివిన బుక్నెరాది 6.4 లక్షలే. అంత పోగొట్టుకున్నా, పురుగుకు కావాల్సిన అమైనో ఆమ్లాలు తయారుచేసే జన్యువులు చాలావరకు నిలిచాయి. అవి పోతే పురుగూ ఉండదు, తనూ ఉండదు. పిండినల్లిలో ఇంకా చిత్రం: లోపలి బ్యాక్టీరియా లోపల మరో బ్యాక్టీరియా ఉంటుంది, ఒకే అమైనో ఆమ్లం తయారీలో తలా కొంత పని చేస్తాయి.

ఇంత కథ ఉన్న పురుగు గురించి వణి, రాజురా పక్క తెలుగు రైతుకు చేరేది ఏ పురుగుమందు ఎంత కొట్టాలన్న మాటే. 2017లో యవత్మాళ్ జిల్లాలో మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా చనిపోయారు. అయినా పురుగు చావకపోతే డోసు పెంచమనే సలహా నాకు మింగుడుపడదు.

జపాన్ పరిశోధకులు 2012లో తేల్చిన విషయం ఇక్కడ ముఖ్యం. చిక్కుడు జాతి పైర్ల రసం పీల్చే ఒక నల్లి, ఫెనిట్రోథయాన్ మందును విరగ్గొట్టే బ్యాక్టీరియాను మట్టిలోంచే ఒంట్లోకి తెచ్చుకుంటోంది. ఆ మందు పదేపదే పడిన నేలలో అలాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. అంటే మందును తట్టుకోవడానికి పురుగు తరతరాలుగా మారనక్కర్లేదు, మనం కొట్టిన మందే దానికి తోడును పెంచి ఇస్తోంది. పేనుబంకకు బుక్నెరా మట్టిలోంచి రాదు, రెండు కథలూ వేరు. కానీ మందు పనిచేయనప్పుడు పురుగు ఒంట్లో ఏముందో చూడకుండా డోసు మార్చడం గుడ్డి వైద్యమే.

ల్యాబ్‌లో యాంటీబయాటిక్‌తో బుక్నెరాను చంపితే పేనుబంక సంతానం దాదాపు ఆగిపోతుంది. అలాగని చేలో యాంటీబయాటిక్ చల్లడం తప్పు, మట్టిలోని బ్యాక్టీరియా దానికీ అలవాటు పడుతుంది. విదర్భ పత్తి నేలలు అకోలాలోని పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ కృషి విద్యాపీఠం పరిధిలోనివి. మందుకు లొంగని పురుగు నమూనాలు తీసినప్పుడల్లా లోపలి బ్యాక్టీరియాను కూడా అక్కడ పరీక్షించాలి. ఫలితాన్ని మరాఠీతో పాటు ఈ సరిహద్దు ఊళ్లలో తెలుగులోనూ, విత్తనాలు వేసే ముందే చెప్పాలి.